రేవు లేని రాజ్యంలో పరిశ్రమలు



మన కెలమంగలం సంతలో నిలబడి ఎటు చూసినా గుట్టలు, బండలు, రాగిచేలు, మల్బరీ తోటలే కనిపిస్తాయి. సముద్రం మాత్రం కనిపించదు. మద్రాసు రేవు మనకు సుమారు 300 కిలోమీటర్ల దూరం. ఇటు పడమటి తీరానికి పోవాలన్నా కనుమలు దిగాలి. అయినా సముద్రం మన బతుకులను ఎంతగా శాసించిందో తెలుసుకోవాలంటే రెండు వందల ఏళ్ళ పైచిలుకు వెనక్కి వెళ్ళాలి.

1799 మార్చి నెలలో ఈస్టిండియా కంపెనీ సైన్యం జనరల్ హారిస్ నాయకత్వాన రాయకోట దాటి వచ్చి మన కెలమంగలంలో గుడారాలు వేసింది. నిజాం నవాబు పంపిన సేన కూడా వెంట ఉంది. తిండిగింజలు, ఫిరంగిగుండ్లు మోసే ఎడ్లు వేలకొద్దీ ఉన్నాయి. ఇక్కడినుంచి కదిలిన ఆ దండు మే 4వ తేదీన శ్రీరంగపట్నం కోటను పట్టుకుంది. టిప్పు సుల్తాను ఆ రోజే యుద్ధంలో మరణించాడు. ఆ తర్వాత పంపకాలు జరిగాయి. మంగళూరుతో సహా కన్నడ తీరమంతా కంపెనీ తీసుకుంది. నిజాముకు వచ్చిన భాగాన్ని అతను మరుసటి ఏడాదే కంపెనీకి అప్పగించాడు. రాయలసీమకు దత్తమండలం అన్న పేరు అలా వచ్చింది. కృష్ణగిరి, ధర్మపురి ఉన్న బారామహల్ 1792లోనే కంపెనీ చేతికి పోయింది. ఇప్పుడు హోసూరు, కెలమంగలం వైపు కూడా కంపెనీవారి సేలం జిల్లాలో చేరాయి. మిగిలిన నడిమి భాగాన్ని ఒడయార్లకు ఇచ్చి, దాన్ని మైసూరు సంస్థానం అన్నారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ మైసూరుకు నేల ఉంది, నీళ్ళున్నాయి, అడవులున్నాయి, నేల కింద బంగారం ఉంది, ఇనుము ఉంది. ఒక్క రేవు మాత్రం లేదు. భూగోళ శాస్త్రం పుస్తకాల్లో ఇటువంటి దేశాలను భూపరివేష్టిత దేశాలు అంటారు. మాటలో చెప్పాలంటే, నాలుగు పక్కలా పొరుగువాడి పొలమే ఉన్న రైతు వంటి దేశం. పంట ఎంత పండినా బండి పోవడానికి పొరుగువాడు దారి ఇవ్వాలి. అటువంటి రాజ్యంలో పెద్ద కంపెనీలు, పరిశ్రమలు ఎలా పుట్టాయి, అవి ఎవరికి ఏం మిగిల్చాయి అన్నదే నేటి ప్రసంగ విషయం. ఆ రాజ్యానికీ మనకూ మధ్య ఉన్నది ఒక సరిహద్దు రాయి మాత్రమే కనుక, ఆ కథలో మన కథ కూడా ఉంది.

మొదట బంగారం సంగతి చూద్దాం. కోలారు ప్రాంతంలో పాతకాలం నుంచే జనం మట్టి కడిగి, చిన్న చిన్న గుంతలు తవ్వి బంగారం తీసేవారు. 1870 ప్రాంతాల్లో సైన్యంలో పనిచేసి వచ్చిన మైకేల్ లావెల్ అనే ఐరిష్ దేశీయుడు గని తవ్వడానికి మైసూరు ప్రభుత్వం దగ్గర అనుమతి సంపాదించాడు. పెట్టుబడి చాలక ఆ హక్కులు చేతులు మారాయి. 1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ రంగంలోకి దిగింది. అక్కడినుంచి మైసూర్ మైన్, చాంపియన్ రీఫ్, ఊరేగాం, నందిదుర్గ్ అనే గనులు పేరుకెక్కాయి. వాటాలు లండన్‌లో అమ్మారు. లాభాలు లండన్‌లో పంచుకున్నారు. బంగారం ఓడెక్కి అక్కడికే పోయింది. మైసూరు రాజ్యానికి రాయల్టీ ముట్టింది. పని మాత్రం మనవాళ్ళు చేశారు.

మనవాళ్ళు అని ఊరకే అనడం లేదు. ఆ గనుల్లో దిగినవారిలో చిత్తూరు వైపు తెలుగువారు, ఉత్తర ఆర్కాటు, సేలం జిల్లాల తమిళులు ఎక్కువ. కోలారు జిల్లా పల్లెల్లో తెలుగు, కన్నడం పక్కపక్కనే వినిపిస్తాయి. గని కాలనీల్లో ఈ మూడు భాషలూ కలిశాయి. వానలు లేని ఏడాది చేను ఎండిపోతే గనిపని ఒక దిక్కు అయింది. కాని ఆ కూలికి వెల ఎక్కువ. గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది. అక్కడ రాయి ముట్టుకుంటే చేయి చురుక్కుమనేంత వేడి. లోపలి ఒత్తిడికి రాతిపొరలు ఫిరంగి మోతతో పగిలేవి. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ జబ్బు వచ్చేది. ఇంటికి జీతంతోపాటు దగ్గు కూడా తెచ్చుకున్నవారు ఆ కాలనీల్లో ఎందరో.

ఆ గనుల పుణ్యమా అని ఒక గొప్ప పని జరిగింది. గనియంత్రాలు నడవాలంటే శక్తి కావాలి. మైసూరులో రాక్షసిబొగ్గు లేదు. బయటినుంచి తెప్పిస్తే రేవు ఖర్చు, రైలు ఖర్చు తడిసి మోపెడవుతాయి. అప్పుడు దివాను శేషాద్రి అయ్యర్ హయాంలో కావేరి మీద శివసముద్రం జలపాతం దగ్గర కరెంటు తీసే పని మొదలుపెట్టారు. యంత్రాలు అమెరికా, స్విట్జర్లాండ్ దేశాలనుంచి వచ్చాయి. 1902లో ఆ కరెంటు సుమారు 148 కిలోమీటర్ల తీగమీద ప్రయాణం చేసి కోలారు గనులకు చేరింది. అప్పటికి ప్రపంచంలోని అతి పొడవైన కరెంటు తీగల్లో అదొకటి. పాపం శేషాద్రి అయ్యర్ అది చూడకుండానే 1901లో కన్నుమూశారు. 1905లో ఆ కరెంటుతోనే బెంగుళూరు వీధుల్లో దీపాలు వెలిగాయి.

చూశారా, కరెంటు మొదట వెలిగించింది కంపెనీవారి గనిని. అయితే తీగ ఒకసారి లాగిన తర్వాత అది ఊరి సొత్తు అయింది. గని మాట ఏమైంది? స్వాతంత్ర్యం వచ్చాక 1956లో మైసూరు ప్రభుత్వం గనులను స్వాధీనం చేసుకుంది. 1962లో అవి కేంద్ర ప్రభుత్వానికి వచ్చాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అనే సంస్థ ఏర్పడింది. బంగారం తగ్గింది, తీసే ఖర్చు పెరిగింది. చివరికి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. నూటఇరవై ఏళ్ళలో సుమారు 800 టన్నుల బంగారం బయటికి పోయిందని లెక్క. అక్కడ మిగిలినవి సైనైడు కలిసిన మట్టిగుట్టలు, పని పోయిన కుటుంబాలు, పొద్దున రైలెక్కి బెంగుళూరు పోయి రాత్రి తిరిగివచ్చే వారి పిల్లలు. బంగారం నుంచి నిలిచినది ఏదైనా ఉంటే అది ఆ కరెంటు తీగే.

ఇక రెండో కథ శ్రీగంధానిది. మైసూరు అడవుల్లో గంధపు చెట్టు రాజుగారి సొత్తు. ఏటేటా దుంగలు వేలం వేసేవారు. కొన్నవారిలో జర్మనీ వ్యాపారులు ముఖ్యులు. దుంగ ఇక్కడినుంచి పోయేది, నూనె అక్కడ తీసేవారు. నూనె ఖరీదు ముందు దుంగ ఖరీదు ఏపాటిది? అయినా తరతరాలుగా అదే బేరం సాగింది.

1914లో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. జర్మనీకి ఓడలు ఆగిపోయాయి. వేలంపాటకు కొనేవాడు లేడు. గంధపు దుంగలు గిడ్డంగుల్లో పేరుకుపోయాయి. రేవు లేని రాజ్యానికి సముద్రం మూసుకుపోతే ఏమవుతుందో మైసూరుకు అప్పుడు బాగా తెలిసివచ్చింది. అప్పటి దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన పూర్వీకులది మోక్షగుండం గ్రామం. ఇంట్లో మాట్లాడిన భాష తెలుగు. పుట్టింది మాత్రం మనకు అంత దూరం కాని ముద్దేనహళ్ళిలో. పరిశ్రమలు లేని రాజ్యానికి బతుకు లేదన్నది ఆయన గట్టి నమ్మకం.

దుంగలు ఎవరూ కొనకపోతే నూనె మనమే తీద్దాం అన్నారు. చెప్పినంత సులువు కాదు. ఆ విద్య ఇక్కడ పెద్ద ఎత్తున తెలిసినవారు లేరు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో సడ్‌బరో, వాట్సన్ అనే రసాయన శాస్త్రజ్ఞులు ప్రయోగాలు చేసి దారి చూపారు. పరిశ్రమల శాఖలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ పూనుకున్నారు. 1916లో బెంగుళూరులోను, మరుసటి ఏడాది మైసూరులోను గంధపునూనె ఫ్యాక్టరీలు లేచాయి. ఎస్.జి. శాస్త్రి అనే యువకుడిని సబ్బు చేసే విద్య నేర్చుకు రమ్మని ఇంగ్లండు పంపారు. 1918లో మైసూర్ శాండల్ సబ్బు బయటికి వచ్చింది. ఏనుగు తల, సింహం ఒళ్ళు ఉన్న శరభం బొమ్మ దాని గుర్తు. పెళ్ళిళ్ళకూ పండుగలకూ ఆ సబ్బు కొననివారు మన వైపు అరుదు.

బంగారానికీ గంధానికీ తేడా ఎక్కడుందో శ్రోతలు గ్రహించే ఉంటారు. బంగారంలో మనం కూలీలం. గంధంలో ముడిసరుకు మనదే, విద్య మనదే, ఫ్యాక్టరీ మనదే. అందుకే యుద్ధం ముగిసినా, రాజ్యం పోయినా, ఆ సబ్బు నిలిచింది.

అయితే ఆ గంధం కథలో కూడా ఒక లోపం ఉంది. చెట్టు రైతు పొలంలో మొలిచినా అది సర్కారుదే. నరికితే కేసు. కాపాడితే కాపలా శ్రమ తప్ప లాభం లేదు. అందువల్ల గట్టున గంధపు మొక్క మొలిస్తే రైతు సంతోషించలేదు, భయపడ్డాడు. దొంగలు మాత్రం భయపడలేదు. చెట్లు తరిగిపోయిన తర్వాతగాని చట్టం మారలేదు. కర్ణాటకలో 2001లోను, తమిళనాడులో 2002లోను పొలంలో ఉన్న గంధపు చెట్టు మీద రైతుకు హక్కు వచ్చింది. ఏ వనరు అయినా సరే, దాన్ని కనిపెట్టుకుని ఉండేవాడికి అందులో పాలు లేకపోతే ఆ వనరు నిలవదు.

ఇనుము గురించి రెండు మాటలు. కెమ్మణ్ణుగుండి కొండల్లోని ఇనుపరాతితో, బొగ్గు లేనందువల్ల అడవి కట్టెబొగ్గు కాల్చి, భద్రావతిలో 1923 జనవరిలో ఇనుము పోయడం మొదలుపెట్టారు. కాని అప్పటికి ప్రపంచంలో ఇనుము ధర పడిపోయి ఉంది. నష్టాలు వచ్చాయి. దివాను పదవి వదిలిన విశ్వేశ్వరయ్యగారే మళ్ళీ వచ్చి ఆ ఫ్యాక్టరీని గట్టెక్కించే పనిలో కూర్చున్నారు. భట్కళ్ దగ్గర మైసూరుకు ఒక రేవు సంపాదించాలని కూడా ఆయన ప్రయత్నించారు. అది నెరవేరలేదు. కాని 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగుళూరు ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాయి. రేవు దొరకని చోట బడి కట్టారు. ఆ మాట మరిచిపోకూడదు.

ఆ తర్వాత 1940లో వాల్‌చంద్ హీరాచంద్ అనే పారిశ్రామికవేత్త మైసూరు ప్రభుత్వంతో కలిసి బెంగుళూరులో విమానాల ఫ్యాక్టరీ పెట్టాడు. అదే నేటి హెచ్.ఏ.ఎల్. 1953లో హెచ్.ఎం.టి. వచ్చింది. 1961లో జపాను సహాయంతో చేతిగడియారాలు చేయడం మొదలుపెట్టింది. ఇవి బెంగుళూరుకే ఎందుకు వచ్చాయి? అక్కడ కరెంటు ఉంది, చదివిన పిల్లలు ఉన్నారు. కోలారు కోసం లాగిన తీగ, మైసూరు కట్టిన కాలేజీ ఇన్నాళ్ళకు ఫలించాయి.

ఇదంతా పాత మైసూరు సంగతి, మనకేమిటని అనుకోవచ్చు. కాని ప్రపంచంలో ఇటువంటి రాజ్యాలు ఇంకా ఉన్నాయి. ఆఫ్రికాలో జాంబియా అనే దేశం ఉంది. తీరం లేదు, రాగి మాత్రం పుష్కలం. 1964లో స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే దక్షిణాన పొరుగుదేశంతో పేచీ వచ్చి రేవుకు పోయే దారి చిక్కుల్లో పడింది. చైనా సహాయంతో 1975 నాటికి 1860 కిలోమీటర్ల రైలుమార్గం వేసి దారెస్సలాం రేవుకు దారి చేసుకున్నారు. దారి దొరికే వేళకు రాగి ధర పడిపోయింది. పక్కనే బోట్స్వానా ఉంది. 1966లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి కడుపేద దేశం. మరుసటి ఏడాది వజ్రాలు దొరికాయి. డీబీర్స్ కంపెనీతో కలిసి గనుల సంస్థ పెట్టుకుని, తర్వాత అందులో సగం వాటా సంపాదించారు. ఆ డబ్బుతో బడులు, రోడ్లు వేశారు. అంతటితో ఊరుకోక, వజ్రాల అమ్మకం లండన్‌లో కాదు మా రాజధానిలో జరగాలని పట్టుబట్టారు. 2013లో అది సాధించారు. మన సూరత్ వ్యాపారులు కూడా అక్కడికి పోయి సానపట్టే ఫ్యాక్టరీలు పెట్టారు. అయితే ప్రయోగశాలలో చేసిన వజ్రాలు బజారుకు వచ్చాక ఇటీవల వారికీ కష్టకాలమే. ఒకే సరుకును నమ్ముకోవడంలో ఉన్న ముప్పు అది.

ఇప్పుడు సరిహద్దు రాయి దాటి మన ఇంటికి వద్దాం. మన హోసూరు సీమలో బంగారు గనులు లేవు. ఒకప్పుడు ఉన్న రైలుబండి కూడా పోయింది. కరువుకాలంలో ఆదుకోవడానికని ధర్మపురి నుంచి హోసూరుకు వేసిన చిన్న రైలుమార్గాన్ని రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1941లో మూసివేశారు. వెనుకబడిన ప్రాంతం అని అధికారులు రాసుకున్న ఈ సీమకు 1970 తర్వాత తమిళనాడు ప్రభుత్వం సిప్కాట్ ద్వారా పరిశ్రమలు తెచ్చింది. నేల చవక, రాయితీలు ఉన్నాయి, బెంగుళూరు పక్కనే. 1980లో హోసూరు నుంచి టి.వి.ఎస్. 50 మోపెడ్ వచ్చింది. ఆ ఏడాదే అశోక్ లేలాండ్ లారీలు కూడా మొదలయ్యాయి. 1984లో టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ కలిసి గడియారాల కంపెనీ పెట్టారు. టాటా, తమిళనాడు పేర్లు కలిపి టైటాన్ అన్నారు.

టైటాన్ కథలో మనం గుర్తుంచుకోవలసినది ఒకటుంది. హెచ్.ఎం.టి.లో పనినేర్చిన ఇంజనీర్లు కొందరు అక్కడ చేరారు. బల్లల దగ్గర కూర్చోబెట్టింది మాత్రం పల్లెల్లో బడి చదువు ముగించిన పదిహేడు, పద్దెనిమిదేళ్ళ పిల్లలను. నాగలి, కొడవలి పట్టిన ఇళ్ళ పిల్లలు, కంటికి ఆనని గడియారపు ముక్కలను పట్టకారుతో పొదగడం నేర్చుకున్నారు. ఇందులో నేల కింద తవ్వినది ఏదీ లేదు. వనరు అంటే ఆ పిల్లల చేతివేళ్ళే. గడియారం చిన్న వస్తువు, బరువు లేదు, రేవు దూరమని బాధ లేదు. తర్వాతికాలంలో మన గులాబీపూలు కూడా బెంగుళూరు విమానమెక్కి విదేశాలకు పోవడం మొదలుపెట్టాయి. రేవు లేని సీమకు తగిన సరుకులు ఇవి.

మరి మన రాయి సంగతి? డెంకణికోట, కెలమంగలం, కృష్ణగిరి వైపు గ్రానైటు బండలకు దేశదేశాల్లో పేరు. క్వారీలో కోసిన దిమ్మెలు లారీలకెక్కి మన ఊళ్ళ రోడ్ల మీదుగా పోతాయి. కొన్ని సరిహద్దు దాటి జిగణి ఫ్యాక్టరీల్లో సానపట్టుకుంటాయి. కొన్ని దిమ్మెలుగానే మద్రాసు రేవుకు పోయి ఓడెక్కుతాయి. ఎక్కడో ఒక భవనంలో అద్దంలా మెరిసే ఆ రాయి మన గుట్టదే. మనకు మిగిలినది కూలి, దుమ్ము, వాన నీళ్ళు నిలిచిన గుంత. ఇది గంధపు కథ 1914కు ముందు నడిచినట్టే నడుస్తోంది. గుట్ట మళ్ళీ మొలవదు. కాబట్టి దిమ్మె పోతున్నప్పుడే సానపట్టే విద్య ఇక్కడ నిలవాలి.

మన కెలమంగలం పక్కనే ఇటీవలి సంవత్సరాల్లో టాటా ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ వచ్చింది. ఐఫోన్లకు పై భాగాలు అక్కడ తయారవుతున్నాయి. వేలకొద్దీ ఆడపిల్లలు పనిచేస్తున్నారు. సంతోషించవలసిన సంగతే. అదే వేళలో 2023లో ఉద్దనపల్లి వైపు రైతులు, సిప్కాట్ కోసం మా సాగుభూములు తీసుకోవద్దని ధర్నాకు కూర్చున్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కూతురు ఫ్యాక్టరీలో, తండ్రి ధర్నాలో ఉండే కాలం ఇది. నేల పోతే తిరిగి రాదన్న తండ్రి భయం అబద్ధం కాదు. చేతిలో విద్య ఉంటే బతకగలనన్న కూతురి ధైర్యమూ అబద్ధం కాదు.

మైసూరు కథ ఈ తగవును తీర్చదు గాని, అడగవలసిన ప్రశ్నలు నేర్పుతుంది. కొత్త కంపెనీ వచ్చినప్పుడు ఎన్ని ఉద్యోగాలు అని ఒక్కటే అడిగి ఊరుకోకూడదు. ఏ పని నేర్పుతారు, ఆ పని రేపు ఈ కంపెనీ లేకపోయినా పిల్లకు అన్నం పెడుతుందా అని అడగాలి. నేల ఇచ్చినవాడికి ఒకసారి ఇచ్చే డబ్బేనా, నిలిచే పాలు ఏమైనా ఉందా అని అడగాలి. కంపెనీ మూసుకుపోయిన నాడు మన ఊళ్ళో నిలిచేది మట్టిగుట్టా, కరెంటు తీగా అని అడగాలి.

రెండు వందల ఏళ్ళ కిందట ఒక దండు మన ఊళ్ళో దిగి, మనల్ని ఏమీ అడగకుండా సరిహద్దు గీసిపోయింది. ఇప్పుడు దిగుతున్నవి కంపెనీలు. ఈసారి అడిగే నోరు మనకుంది. దాన్ని వాడుకోవాలి.